రాతి మీద అయిదో పేరు

మా అమ్మాయికి పురుడు పోయడానికి లండన్ వెళ్ళిన నేను మొదటి మూడు నెలలూ ఈస్ట్ హామ్ దాటి బయటికి వెళ్ళింది లేదు. పురిటాలి పథ్యం, పసివాడి స్నానం, హీటరు పక్కన ఆరేసిన పొత్తిగుడ్డలు, సాయంత్రం వేళ గోంగూర కోసమో కరివేపాకు కోసమో హై స్ట్రీట్ నార్త్ దుకాణాల దాకా నడక, అంతవరకే నాకు తెలిసిన లండన్. ఆ వీధిలో దోసెల హోటళ్ళున్నాయి, మహాలక్ష్మి గుడి ఉంది, గుడి మెట్ల దగ్గర మన పిల్లలు ఒకరినొకరు పలకరించుకునే మాట "బాగున్నావా" కాదు, "ఈ వారం షిఫ్టులు ఎన్ని పడ్డాయి" అని. మనుమడికి మూడో నెల నిండిన వారం మా అల్లుడు సెలవు పెట్టి, "అత్తయ్యా, ఈ నాలుగు రోజులూ వాణ్ణి నేను చూసుకుంటాను, మీరు లండన్ చూసి రండి" అన్నాడు. తోడుగా మా మేనల్లుణ్ణి పంపాడు. వాడు రెండు వీధుల అవతల మరో అయిదుగురు కుర్రాళ్ళతో కలిసి ఒక ఇంట్లో అద్దెకుంటున్నాడు. చదువు అయిపోయింది, ఉద్యోగం ఇంకా దొరకలేదు, రాత్రిళ్ళు ఒక గిడ్డంగిలో సరుకు సర్దే పని చేస్తున్నాడు.

"ఎక్కడికి అత్తా, రాజుగారి కోటకా?" అని అడిగాడు. నా చేతిలో ఒక కాగితం ఉంది, దాని మీద ఏడు చిరునామాలున్నాయి. ఆ ఏడూ ఒకే మనిషివి, ఎలినార్ మార్క్స్‌వి.

నేను తెనాలిలో ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, రాత్రిళ్ళు కథలూ వ్యాసాలూ తెనిగించుకుంటూ బతికినదాన్ని. మా నాన్నగారి బీరువాలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు వరసగా ఉండేవి. వాటి అట్ట మీద రచయిత పేరు పెద్దక్షరాల్లో ఉండేది, లోపలి పేజీలో చిన్నక్షరాల్లో అనువాదకుడి పేరు ఉంటే ఉండేది, లేకపోతే లేదు. ఆ చిన్నక్షరాల మీద నాకు చిన్నప్పటి నుంచీ ఒక పక్షపాతం ఉంది. ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ నవల 'మదాం బోవరీ'ని మొట్టమొదట ఇంగ్లీషులోకి తెచ్చి 1886లో అచ్చువేయించిన మనిషి కార్ల్ మార్క్స్ చిన్న కూతురని తెలిసిన రోజు నుంచి, ఆవిడ జీవితం గురించి దొరికింది దొరికినట్టు చదువుతూ వచ్చాను. ఆవిడ పేరు ఎత్తితే ఎవరైనా ముందు అడిగేది తండ్రి సంగతి, ఆ తరువాత అడిగేది ఆత్మహత్య సంగతి. ఈ రెంటి మధ్యనున్న నలభై మూడేళ్ళలో ఆవిడ చేసిన పని గురించి అడిగేవాళ్ళు తక్కువ.

అందరూ వెళ్ళే చోటికే మేమూ ముందు వెళ్ళాం. ఆర్చ్‌వే స్టేషన్‌లో దిగి, వాటర్లో పార్కు గుండా నడిచి, హైగేట్ శ్మశానం తూర్పు ద్వారం దగ్గర టికెట్టు కొన్నాం. శ్మశానానికి టికెట్టేమిటని మా వాడు నవ్వాడు. దారి చెప్పనవసరం లేదు, జనం నడిచే వైపు నడిస్తే చాలు. మలుపు తిరిగేసరికి ఎత్తైన రాతి దిమ్మె మీద మార్క్స్ కంచు తల కనిపించింది. లారెన్స్ బ్రాడ్‌షా చేసిన ఆ విగ్రహాన్ని 1956లో ఆవిష్కరించారు. మనిషి కన్నా పెద్దగా, కనుబొమలు ముడివేసుకుని ఉంటుంది. మా ముందున్న ఒక పర్యాటక బృందం వంతులవారీగా ఆ తల కింద నిలబడి ఫోటోలు తీసుకుంటూ ఉంది. నేను ఆ దిమ్మెలో పొదిగిన పాత సమాధి పలక దగ్గరికి వంగాను. 2019 ఫిబ్రవరిలో ఎవరో సుత్తితో బాదింది ఆ పలకనే. దాని మీద వరసగా భార్య జెన్నీ, కార్ల్ మార్క్స్, నాలుగేళ్ళ మనుమడు హ్యారీ, ఆ ఇంట్లో జీవితమంతా చాకిరీ చేసిన హెలీన్ డెమూత్ పేర్లున్నాయి. అన్నిటికన్నా కింద, అయిదో పేరుగా, కార్ల్ మార్క్స్ కుమార్తె ఎలినార్ అని ఉంది.

నాలుగో పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. హెలీన్‌కు 1851లో ఫ్రెడ్డీ అనే కొడుకు పుట్టాడు, పుట్టిన వెంటనే వేరే ఇంట్లో పెంపకానికి ఇచ్చేశారు. అతను మార్క్స్ కొడుకేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది నమ్మకం. యంత్ర కార్మికుడిగా బతికిన ఆ ఫ్రెడ్డీకే ఎలినార్ తన ఆఖరి నెలల్లో మనసు విప్పి ఉత్తరాలు రాసుకుంది.

అయిదో పేరు ఆ రాతి మీదికి రావడానికి చాలా కాలం పట్టింది. 1898 ఏప్రిల్‌లో దహనం అయ్యాక ఆవిడ అస్థికల పాత్రను ఎవరూ ఇంటికి తీసుకువెళ్ళలేదు. అది సోషలిస్టు సంస్థల కార్యాలయాల్లో ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకు మారుతూ, చివరికి క్లెర్కెన్‌వెల్ గ్రీన్‌లోని మార్క్స్ స్మారక గ్రంథాలయానికి చేరింది. యాభై ఎనిమిదేళ్ళ తరువాత, ఈ కంచు తల లేచిన ఏడాది, తల్లిదండ్రుల పక్కకు వచ్చింది. మన ఊళ్ళో అస్థికలు కృష్ణలో కలపడానికి పదో రోజు దాటితేనే బంధువులు గుసగుసలాడతారు. ఈ లెక్క విని మా వాడు చాలాసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నం సోహోకు వెళ్ళి డీన్ స్ట్రీట్ 28వ నంబరు ఇంటి ఎదుట నిలబడ్డాం. కింద ఖరీదైన రెస్టారెంటు ఉంది, పైన గోడకు మార్క్స్ పేరుతో నీలి రంగు గుండ్రటి ఫలకం ఉంది. 1855 జనవరి 16న ఎలినార్ పుట్టింది ఈ ఇంటి పై అంతస్తు గదుల్లోనే. అంతకు ముందే ఆ తల్లి సోహోలో ఇద్దరు పసిబిడ్డలను పోగొట్టుకుంది. ఎలినార్ పుట్టిన మూడు నెలల లోపే, ఏప్రిల్ 6న, ఎనిమిదేళ్ళ ఎడ్గార్ కూడా పోయాడు. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ఇంట్లో ఉయ్యాలలో మిగిలిన ఆడపిల్లను తండ్రి ఎలా చూసుకుని ఉంటాడో, మూడు నెలల మనుమణ్ణి ఇంట్లో వదిలి వచ్చిన నాకు వేరే చెప్పనక్కరలేదు. ఆ పిల్లను ఇంట్లో టుస్సీ అనేవారు. నడకకు వెళ్ళినప్పుడు తండ్రి ఆమెకు హాన్స్ రోక్లె అనే బొమ్మల దుకాణదారు కథను నెలల తరబడి చెప్పేవాడట. ఆ దుకాణంలో అద్భుతమైన బొమ్మలుంటాయి, కాని రోక్లె చేతిలో ఎప్పుడూ డబ్బుండదు. సైతానుకూ బాకీ, మాంసం కొట్టువాడికీ బాకీ. ఆ బాకీలు తీర్చలేక, ఇష్టం లేకపోయినా బొమ్మలను ఒక్కొక్కటిగా సైతానుకు అమ్ముకుంటూ ఉంటాడు. వెండి సామాను తాకట్టు పెట్టుకుని బతికిన ఇంట్లో పుట్టిన కథ అది. ఆవిడే పెద్దయ్యాక ఈ కథను రాసిపెట్టింది కాబట్టి మనకు దక్కింది. అమెరికా అంతర్యుద్ధం నాటికి తన సలహా లేకపోతే అబ్రహాం లింకన్‌కు కష్టమవుతుందని నమ్మి ఆయనకు ఉత్తరాలు రాసిందని, తండ్రి వాటిని పోస్టు చేస్తానని తీసుకుని దాచుకున్నాడని కూడా ఆవిడే చెప్పుకుంది.

అక్కడి నుంచి బ్రిటిష్ మ్యూజియం నడిచి వెళ్ళేంత దూరమే. ఆ రోజు నేను ఎక్కువసేపు గడిపింది అక్కడే. మ్యూజియం మధ్యలో, గాజు కప్పు కింద, తెల్ల రాతి తొడుగు వేసుకుని గుండ్రంగా నిలబడి ఉన్నదే 1857లో తెరిచిన పాత పఠన మందిరం. పుస్తకాలు సెయింట్ పాంక్రాస్‌లోని కొత్త భవనానికి తరలిపోయి పాతికేళ్ళు దాటింది. మేము లోపలికి వెళ్ళలేదు, గోడ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాం. మార్క్స్ ఇక్కడ కూర్చుని 'పెట్టుబడి' కోసం చదివాడని అందరికీ తెలుసు. 1877లో ఎలినార్ కూడా ఇక్కడ చదువరి కార్డు తీసుకుంది. తండ్రి తన పుస్తకం కోసం చదివాడు. కూతురు చాలా ఏళ్ళపాటు పరుల పుస్తకాల కోసం, కూలికి చదివింది. ఫర్నివాల్ అనే పండితుడు నడిపిన సాహిత్య సంఘాల కోసం పాత ప్రతులు చూసి నకళ్ళు తీయడం, అడిగినవాళ్ళకు కావలసిన ప్రస్తావనలు వెతికిపెట్టడం, అనువాదాలు చేయడం, తరువాతి కాలంలో టైపు కొట్టడం, ఇవే ఆవిడ జీవనాధారం. బడి చదువు నామమాత్రం. కాని ఇంట్లో జర్మన్, ఫ్రెంచి, ఇంగ్లీషు మూడూ మాట్లాడేవారు, షేక్‌స్పియర్ నాటకాలు కంఠతా వచ్చు. నార్వే నాటకకర్త ఇబ్సెన్ కోసం నార్వేజియన్ నేర్చుకుంది. తూర్పు లండన్‌లో బట్టలు కుట్టే యూదు కూలీలతో మాట్లాడడానికి నలభయ్యో పడికి దగ్గరపడుతూ యిడ్డిష్ నేర్చుకుంది. పారిస్, బ్రస్సెల్స్, జూరిక్, లండన్ నగరాల్లో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభల్లో వేదిక మీద నిలబడి, ఒక భాషలో వాళ్ళు అరుస్తుంటే ఇంకో భాషలో ఇవతలివాళ్ళకు చెప్పే పని ఆవిడ మీదే పడేది. దుబాసీ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది, ఆ రోజు సాయంత్రానికి గొంతులో మన మాట ఒక్కటీ మిగలదు.

'మదాం బోవరీ'కి రాసిన ముందుమాటలో ఆవిడ అనువాదకులను మూడు రకాలుగా విడదీసింది. ప్రతిభతో మూలాన్ని మళ్ళీ సృష్టించేవాళ్ళు ఒకరు, డబ్బుకు నింపి పారేసేవాళ్ళు ఒకరు, నిష్ఠగా పని చేసేవాళ్ళు ఒకరు. తనను మూడో వరసలో కూర్చోబెట్టుకుంది. తన అనువాదంలోని లోపాలు తనకు తెలుసని, అయినా తాను ఏదీ కత్తిరించలేదని, ఏదీ చేర్చలేదని చెప్పుకుంది. తరువాత నవలాకారుడు నబొకోవ్ అమెరికాలో ఆ అనువాదంతోనే పాఠం చెబుతూ అంచుల నిండా తప్పులు దిద్దుకుంటూ పోయాడు. నాకు మాత్రం ఆ మూడో వరస అంటేనే గౌరవం. మాస్కోలో ఏళ్ళ తరబడి కూర్చుని రష్యన్ పుస్తకాలను తెలుగు చేసిన ఉప్పల లక్ష్మణరావు వంటి వాళ్ళు లేకపోతే, తెనాలిలో మా నాన్నగారి బీరువా ఖాళీగా ఉండేది.

మ్యూజియం ఎదుటి గ్రేట్ రసెల్ స్ట్రీట్‌లో 55వ నంబరు ఇంట్లో ఆవిడ 1884 నుంచి ఎడ్వర్డ్ ఏవ్లింగ్‌తో కలిసి ఉంది. అతను సైన్సు చదివిన మనిషి, మంచి వక్త, నాటకాల పిచ్చి, అప్పులు చేసి తీర్చకపోవడంలో ఆరితేరిన వాడు. అతనికి అంతకు ముందే పెళ్ళయింది, విడిపోయినా విడాకులు లేవు. ఆ సంగతి దాచకుండా స్నేహితులకు ముందే ఉత్తరాలు రాసి, ఇష్టమైనవాళ్ళే మా ఇంటికి రండని చెప్పి మరీ ఆవిడ కాపురం పెట్టింది. ఆ గదుల్లో 1886 జనవరి 15న ఇబ్సెన్ రాసిన 'బొమ్మరిల్లు' నాటకాన్ని స్నేహితులంతా కలిసి చదివారు. ఎలినార్ నోరా వేషం చదివింది, ఏవ్లింగ్ భర్త పాత్ర, బెర్నార్డ్ షా క్రోగ్‌స్టాడ్ పాత్ర, సోషలిస్టు కవి విలియం మారిస్ కూతురు మే మారిస్ నోరా స్నేహితురాలి పాత్ర చదివారు. గడప దాటి వెళ్ళిపోయే నోరాను చదివిన మనిషి తన ఇంట్లో గడప దాటలేకపోయింది. అదే ఏడాది ఏవ్లింగ్‌తో కలిసి స్త్రీల సమస్య మీద ఒక వ్యాసం రాసింది. కార్మికుడికి యజమాని ఎలాగో, స్త్రీకి పురుషుడు అలాగేనని, రెండు బానిసత్వాలకూ విరుగుడు వాళ్ళ చేతుల్లోనే ఉందని దాని సారాంశం. ఏవ్లింగ్ సంగతి ముందే తెలుసుకోవలసిందని ఆవిడకు సలహా చెప్పే చరిత్రకారులంటే నాకు విసుగు. తెలిసి కూడా ఉండిపోయిన ఆడవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు.

తిరిగి వస్తూ ట్రాఫల్గర్ స్క్వేర్‌లో కాసేపు కూర్చున్నాం. 1887 నవంబరు 13 ఆదివారం నాడు ఇక్కడికి వచ్చిన ఊరేగింపుల మీద పోలీసులు గుర్రాలతో, లాఠీలతో విరుచుకుపడ్డారు. కోటు చిరిగి పీలికలై, లాఠీ దెబ్బకు టోపీ చితికిపోయి ఎలినార్ మా ఇంటికి వచ్చిందని మార్క్స్ ప్రాణ స్నేహితుడు ఎంగెల్స్ ఉత్తరంలో రాశాడు.

మరునాడు చూసిన చోట్లకు పర్యాటకులెవరూ రారు, అవి మా అమ్మాయి ఇంటి నుంచి బస్సులో కూతవేటు దూరం. ఈస్ట్ హామ్‌కు దక్షిణంగా, థేమ్స్ ఒడ్డున బెక్టన్ ఉంది. గ్యాస్ లైట్ అండ్ కోక్ కంపెనీ 1870లో ఇక్కడ తెరిచిన గ్యాసు కర్మాగారానికి ఆ కంపెనీ అధ్యక్షుడు సైమన్ ఆడమ్స్ బెక్ పేరు పెట్టారు, ఆ పేరే ఊరికి నిలిచింది. ఓడల్లో వచ్చిన బొగ్గును బట్టీల్లో గాలి తగలకుండా కాలిస్తే గ్యాసు వస్తుంది, మిగిలిన కోక్‌ను ఎర్రగా కాగుతుండగానే పారలతో, పొడుగాటి ఇనుప కొక్కేలతో బయటికి లాగి, మళ్ళీ కొత్త బొగ్గు నింపాలి. లండన్ వీధి దీపాలు వెలగడానికి ఆ మనుషులు రోజుకు పన్నెండు గంటలు ఆ మంటల ముందు నిలబడేవారు. షిఫ్టు మారే ఆదివారం పద్దెనిమిది గంటలు. ఇప్పుడు కర్మాగారం లేదు. ఉన్నది దుకాణాల సముదాయం, కారు పార్కింగు, ఇటుక ఇళ్ళ వరసలు, రహదారి పక్కన తుప్పలు పెరిగిన ఒక పెద్ద గుట్ట. ఆ గుట్ట కర్మాగారం పారబోసిన వ్యర్థాలతో తయారయింది. దాన్ని ఇక్కడివాళ్ళు వేళాకోళంగా బెక్టన్ ఆల్ప్స్ అంటారు, ఒకప్పుడు దాని మీద స్కీయింగు కూడా నడిపారట.

బెక్టన్ బట్టీల్లో పని చేసిన విల్ థోర్న్ ఆరేళ్ళ వయసు నుంచీ కూలి చేసినవాడు, చదవడం రాయడం అంతంతమాత్రం. 1889 మార్చి 31 ఆదివారం అతను కానింగ్ టౌన్‌లో కార్మికులను పోగుచేసి గ్యాసు కార్మికుల యూనియన్ పెట్టించాడు. ఆ ఒక్క పూట ఎనిమిది వందల మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. కొద్ది నెలల్లోనే, సమ్మె లేకుండానే, పన్నెండు గంటల షిఫ్టు ఎనిమిది గంటలకు దిగింది. ఎలినార్ ఆ యూనియన్‌లో చేసింది ఉపన్యాసాలు మాత్రమే కాదు. నియమావళి రాయడంలో సాయం చేసింది, లెక్కలూ ఉత్తరాలూ చూసింది, ప్రధాన కార్యదర్శి అయిన థోర్న్‌కు చదువూ చేతిరాతా మెరుగుపరిచింది. నాకు ఇందులో తెలిసిన దృశ్యం ఒకటుంది. బల్ల మీద దీపం, ఎదురుగా బొగ్గు మసి వదలని పెద్ద చేతులు, గీత దాటిపోతున్న అక్షరాలు. మా బడిలో రాత్రిపూట వయోజనులకు చదువు చెప్పిన రోజుల్లో అలాంటి చేతులు పట్టుకుని రాయించాను. పలక మీద బలపం విరిగిపోయేది, పట్టు తప్పడం వల్ల కాదు, పట్టు ఎక్కువై. ఆ థోర్న్ 1906లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఆ యూనియన్ వేరే పేరుతో బ్రిటన్‌లో ఇవాళ్టికీ ఉంది.

మేము అక్కడి నుంచి సిల్వర్‌టౌన్ వెళ్ళాం. విమానాశ్రయం పక్కన, నది ఒడ్డున, చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టాలున్న చోటు. 1889లో ఇక్కడి రబ్బరు, టెలిగ్రాఫు తీగల కర్మాగారంలో దాదాపు మూడు వేల మంది సుమారు 12 వారాలు సమ్మె చేశారు. సముద్రాల అడుగున పరిచే తీగలు తయారయ్యేది ఇక్కడే. ఎలినార్ లండన్ నడిబొడ్డు నుంచి రోజూ ఇక్కడికి వచ్చి, గేటు ముందు మాట్లాడి, అక్కడ పనిచేసే ఆడవాళ్ళతో గ్యాసు కార్మికుల యూనియన్‌కు మొదటి మహిళా శాఖ పెట్టించింది. ఆ సమ్మె ఓడిపోయింది. చలికాలంలో, ఆకలితో ఓడిపోయింది. గెలిచిన సమ్మెలకు ఇక్కడ ఫలకాలున్నాయేమో కాని, దీనికి మాత్రం నాకు ఏ గోడ మీదా ఒక అక్షరం కనిపించలేదు. మేము నది గట్టున కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం, గాలికి అరిటాకులకు బదులు తెచ్చుకున్న కాగితం ప్లేట్లు ఎగిరిపోయాయి.

"ఎనిమిది గంటల పని కోసం ఇంత జరిగిందా?" అన్నాడు మా వాడు. జరిగింది. 1890 మే 4న హైడ్ పార్కులో ఎనిమిది గంటల పనిదినం కోసం లక్షల జనం చేరారు. ఆరు రోజులు పాపం చేసి ఏడో రోజు గుడికి వెళ్ళేవాళ్ళలా కాకుండా, ఈ ఉద్యమం కోసం రోజూ పనిచేయాలని ఎలినార్ అక్కడ మాట్లాడింది. షెల్లీ పద్యంతో ముగించింది. పాత సరుకు బండి పైకెక్కి ముసలి ఎంగెల్స్ ఆ జనసముద్రాన్ని చూసి మురిసిపోయాడు. ఇదంతా చెబుతూ, నీ షిఫ్టు ఎన్ని గంటలురా అని అడిగాను. రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా అన్నాడు. అదీ రేపు ఉంటుందో లేదో ఈ రాత్రి ఫోనుకు మెసేజి వస్తేగాని తెలియదు. పోయిన నెల ఆ ఏజెన్సీవాళ్ళు చెప్పాపెట్టకుండా పది రోజులు పిలవలేదు, ఆ నెల అద్దె మా అల్లుడి దగ్గర తీసుకున్నాడట, నాకు చెప్పవద్దన్నాడట. "పన్నెండు గంటలు చేయమని నన్నెవరూ బలవంతం చేయలేదు అత్తా, నేనే అడిగి తీసుకుంటాను, ఎనిమిదైతే గిట్టదు" అన్నాడు. నేను పులిహోర డబ్బా మూత పెట్టాను. దానికి ఎలినార్ దగ్గర జవాబు ఉండి ఉంటుంది, నా దగ్గర లేదు.

సిడెన్‌హామ్‌కు వెళ్ళడానికి తరువాత వారం దాకా కుదరలేదు. వైట్‌చాపెల్‌లో మారి రైలెక్కాం. మా వాడు రాత్రి పని చేసి వచ్చి, రైల్లో కూర్చున్న వెంటనే నిద్రపోయాడు. లేపబుద్ధి కాక నేను స్టేషన్ పేర్లు చదువుకుంటూ కూర్చుని, దిగవలసిన స్టేషన్ దాటించేశాను. తరువాతి స్టేషన్‌లో దిగి వెనక్కి వచ్చేసరికి సన్న వాన మొదలైంది.

సిడెన్‌హామ్‌లో మేము చూడబోయేది ఎలినార్ తన పేరున కొనుక్కున్న ఒకే ఒక ఇల్లు. 1895 ఆగస్టు 5న ఎంగెల్స్ పోయాడు. ఆయన కోరిక ప్రకారం ఈస్ట్‌బోర్న్ దగ్గర సముద్రంలో అస్థికలు కలిపిన నలుగురిలో ఆవిడ ఒకరు. ఆయన రాసి ఇచ్చిన ఆస్తిలో తన వాటాతో జ్యూస్ వాక్ అనే వీధిలో 7వ నంబరు ఇల్లు కొంది. యూదుల దారి అని ఆ వీధి పేరు. తాను యూదురాలినని సభల్లో గట్టిగా చెప్పుకున్న ఆవిడ ఆ పేరు చూసి సంబరపడింది. తండ్రి మాత్రం అలా చెప్పుకున్నవాడు కాదు. ఇంటికి 'గుహ' అని పేరు పెట్టుకుంది. తండ్రి రాతప్రతులన్నీ ఆవిడ దగ్గరికి చేరాయి. ఆ కోడిగీతల రాతను చదవగలిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇక్కడ కూర్చునే తూర్పు సమస్య మీద, అంటే టర్కీ సామ్రాజ్యం గొడవల మీద, ఆయన రాసిన పాత పత్రికా వ్యాసాలను ఏర్చికూర్చి 1897లో తెచ్చింది. విలువ, ధర, లాభం మీద ఆయన చేసిన ప్రసంగాన్ని అచ్చుకు సిద్ధం చేసింది, అది ఆవిడ పోయిన తరువాత వెలువడింది. జీవిత చరిత్ర రాయాలని కాగితాలు పోగుచేసుకుంది, రాయడానికి వ్యవధి దొరకలేదు. అక్కడ కూడా తన పుస్తకం వెనక్కే జరిగింది.

1892లో ఏవ్లింగ్ భార్య చనిపోయింది. ఇక అడ్డేమీ లేకపోయినా అతను ఎలినార్‌ను పెళ్ళి చేసుకోలేదు. 1897 జూన్ 8న మారుపేరుతో, ఆవిడకు తెలియకుండా, ఈవా ఫ్రై అనే యువనటిని పెళ్ళి చేసుకుని, కొంతకాలానికి జబ్బుతో మళ్ళీ ఈ ఇంటికే వచ్చాడు. ఆవిడ అతనికి ఆపరేషను చేయించి, సేవ చేసి, కోలుకునేలా చూసింది. 1898 మార్చి 31న ఈ ఇంట్లో ఆవిడ తన ప్రాణం తీసుకుంది. గ్యాసు కార్మికుల యూనియన్ పుట్టి ఆ రోజుకు సరిగ్గా తొమ్మిదేళ్ళు. ఆమె అంత్యక్రియల్లో మాట్లాడడానికి లేచిన విల్ థోర్న్ ఏడుపుతో మాట పూర్తిచేయలేకపోయాడు. ఏవ్లింగ్ నాలుగు నెలల తరువాత పోయాడు. అతని అంత్యక్రియలకు ఎవరు వచ్చారో నాకు పట్టింపు లేదు.

స్టేషన్ నుంచి ఎత్తు ఎక్కి పది నిమిషాలు నడిస్తే ఆ వీధి వచ్చింది. పెద్ద పెద్ద చెట్లు, విక్టోరియా కాలపు ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ రంగురంగుల చెత్త డబ్బాలు. లోపల ఎవరో ఉంటున్న ఇల్లు కాబట్టి మేము ఎదుటి కాలిబాట మీద గొడుగు వేసుకుని నిలబడ్డాం. 2008లో గోడకు బిగించిన నీలి ఫలకం అక్కడి నుంచే కనిపిస్తోంది. కళ్ళద్దాల మీద వాన చినుకులు తుడుచుకుని చదివాను. పేరు, 1855–1898 అనే సంవత్సరాలు, సోషలిస్టు క్యాంపెయినర్ అన్న రెండు మాటలు, ఇక్కడ నివసించి ఇక్కడే మరణించిందన్న వాక్యం. ఎవరి కుమార్తె అన్నది లేదు. అనువాదకురాలు అని కూడా లేదు.

"క్యాంపెయినర్‌ని తెలుగులో ఏమంటారు అత్తా?" అని అడిగాడు మా వాడు, ఫోటో కింద రాసి వాళ్ళ నాన్నకు పంపడానికి.

ప్రచారకురాలు అందామంటే ఎన్నికల జీపు గుర్తుకొస్తుంది. ఉద్యమకారిణి అంటే పత్రికల భాష. ఊరూరా తిరిగి, గేటు ముందు నిలబడి, ఓడిపోయే సమ్మెకు కూడా రోజూ వచ్చి, రాత్రి ఒకరికి చేతిరాత దిద్దించే మనిషికి మన వైపు కార్యకర్త అనేవారు. మా నాన్నగారి తరంలో ఆ మాటకు ఒక బరువు ఉండేది. నేను ఇంకా తేల్చుకుంటూ ఉండగానే వాడి ఫోను మోగింది, ఆ రాత్రికి షిఫ్టు పడిందట. ఏడింటికల్లా చేరుకోవాలి. ఇద్దరం గొడుగు కింద ఇరుక్కుని స్టేషన్ వైపు దిగాం. దారిలో వాడు ఫోటో కింద "కార్యకర్త" అని టైపు చేసి, సరిపోయిందా అని నాకు చూపించాడు. "ప్రస్తుతానికి ఉంచు, ఇంటికి వెళ్ళాక మళ్ళీ చూద్దాం" అన్నాను.